ఖుతుబ్‌నుమా ముల్లు – సమాన కోణాల గీత

రేణిగుంట జంక్షన్లో గూడూరు, కడప, అరక్కోణం, తిరుపతి వైపులకు పట్టాలు చీలుతాయి. దిక్కులకు కరువు లేని ఊరు మనది. అయినా కొన్నేండ్ల క్రితం ఒక ఇంట్లో జానమాజ్ ఎటు పరచాలనే దానిమీద ఇద్దరు పెద్దలకు మాటామాటా పెరిగింది. ఒకరు నేరుగా పడమరే అన్నారు. ఇంకొకరు ఖుతుబ్‌నుమా తీసి, ఉత్తరానికి కొంచెం తిరగాల అన్నారు. "మాస్టర్ సాబ్, లెక్కలు చెప్తారు గదా, ఈ ముల్లును నమ్మొచ్చునా?" అని మమ్ములను అడిగారు. ఇరవై ఏండ్లుగా పిల్లలకు 'జావియా' పాఠం చెప్తున్న మేము ఆ పూట జవాబు చెప్పలేకపోయాము. ఆ సిగ్గుతోనే తర్వాత పుస్తకాలు తిరగేశాము.

ముల్లు చూపే ఉత్తరము, భూమి నిజ ఉత్తరము ఒకటి కావు. రెంటి నడుమనున్న కోణమే దిక్పాతము. అది సమానంగా ఉన్న చోట్లన్నీ పటం మీద కలిపితే వచ్చే గీత సమదిక్పాత రేఖ. ఇంగ్లీషులో ఐసోగోనిక్ రేఖ అంటారు. గ్రీకులో ఐసోస్ అంటే సమానము, గోనియా అంటే కోణము.

ముల్లు తప్పుతుందని చైనాలో షెన్ కువో 1088 ప్రాంతంలోనే రాశాడు. ఆ తప్పు కాలంతో మారుతుందని లండన్‌లో గెల్లిబ్రాండ్ 1635లో చాటాడు. తోకచుక్కతో పేరొందిన ఎడ్మండ్ హేలీ 1698 నుంచి 1700 వరకు పారమోర్ అనే ఓడలో అట్లాంటిక్ తిరిగి కొలతలు తీసి, 1701లో ఈ గీతలతో పటం అచ్చువేయించాడు. మన వైపు మద్రాసు వేధశాలకు చెందిన టేలర్, తిరువనంతపురం వేధశాలకు చెందిన కాల్డెకాట్ 1830ల చివర దక్షిణ దేశంలో అయస్కాంత కొలతలు తీశారు. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడింది. అక్కడా ఈ కొలతలు సాగుతున్నాయి.

ఇక మన తగాదా సంగతి. రేణిగుంటలో ముల్లు నిజ ఉత్తరానికి ఒకటి రెండు డిగ్రీలు పడమటగా నిలుస్తుంది. అరవై అడుగుల దూరానికి ఒక డిగ్రీ అంటే అడుగు తేడా, అంతే. కాని ఖిబ్లా దిశను ముల్లు చెప్పదు, లెక్క చెప్పాల. అల్‌బిరూనీ 1025లో గజ్నీ నుంచి మక్కా దిశను గోళ త్రికోణమితితో సాధించాడు. ఆ పద్ధతినే మన ఊరికి వేసి చూస్తే, ఖిబ్లా నిజ పడమరకు సుమారు 17 డిగ్రీలు ఉత్తరంగా వచ్చింది. పది అడుగులకు మూడడుగుల తేడా!

ఈ కాగితం పట్టుకుని ఆ పెద్దల దగ్గరికి పోయినాము. పడమర అన్నాయన చాలాసేపు చూసి, "ఒకటి రెండు డిగ్రీల ముల్లును తిడితిమి, పదిహేడు డిగ్రీలు మన దగ్గరే ఉండె గదా" అని నవ్వినారు. చేతులు కలుపుకున్నారు. నమాజు దిశ మసలా ఆలిములు చెప్పవలసినది, మేము లెక్క వరకే. అయితే ఆ లెక్క మన పిల్లలు తామే వేయగలగాలని మా ఆశ. సెలవుల్లో కాగితం, పెన్సిలుతో మా ఇంటికి పంపండి, నేర్పిస్తాము.