పాత కారుకు వెల కట్టేదెవరు?

మా గుడిలో ఆదివారం పూట కార్ల పార్కింగ్ చూసుకునే పని నాది. పచ్చ జాకెట్టు వేసుకుని, చేతిలో చిన్న జెండా పట్టుకుని నిలబడతాను. అందుకేనేమో, కార్ల గురించి నాకేదో తెలుసనుకుని మనవాళ్లు అడుగుతుంటారు. "అంకుల్, ఐదేళ్ల బెంజి కారు ఇచ్చేసి కొత్తది తీసుకుందామనుకుంటున్నా. డీలరు ఇంతే ఇస్తానంటున్నాడు. న్యాయమేనంటారా?" నేను మెకానిక్‌ని కాను. కానీ చరిత్ర చదవడం ఇష్టం. పాత కారుకు "న్యాయమైన ధర" అనే మాట ఎక్కడ మొదలైందో చూద్దామని కూర్చుంటే, వందేళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

ముందు మాట సంగతి. ట్రేడ్-ఇన్‌కి తెలుగు మాట కోసం వెతికాను. సరైనది దొరకలేదు. కానీ ఆ పని మనకు కొత్త కాదు. నేను పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చే ఆవిడ నెత్తిన గంప పెట్టుకుని వచ్చేది. మా అమ్మ రెండు చీరలు, నాన్నగారి ప్యాంటు ఒకటి తెచ్చి ముందు వేసేది. ఆవిడ చీరను వెలుతురుకు పట్టి చిరుగులు వెతికేది. అమ్మ గిన్నెను తిరగేసి అడుగు చూసేది. చీర ఎంత, గిన్నె ఎంత అని విడివిడిగా ఎవరూ చెప్పేవారు కాదు. "ఇంకో చీర వెయ్యమ్మా, మూత కూడా ఇస్తా" అనేది ఆవిడ. బేరమంతా అదే.

నగల కొట్లో ఇలా ఉండదు. ఆ రోజు బంగారం గ్రాము ఎంతో బోర్డు మీద రాసి ఉంటుంది. పాత గొలుసు తూచి, తరుగు తీసేసి, ఇంత వస్తుందంటారు. తరుగు దగ్గర మనం పోట్లాడవచ్చు, కానీ ధర అందరికీ తెలిసినదే. అకౌంట్లలో డిప్రిసియేషన్‌ని "తరుగుదల" అంటారని ఈమధ్యే నేర్చుకున్నాను. గొలుసుకీ కారుకీ ఒకే మాట పనికొస్తోంది! పాత కారు బేరం గిన్నెల బేరమా, బంగారం బేరమా? అమెరికాలో వందేళ్లుగా జరిగిన గొడవ ఇదేనని నాకనిపించింది.

కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ గొడవ లేదు. కొనేవాళ్లకు అదే మొదటి కారు. 1920ల మధ్యకు వచ్చేసరికి, కొట్టుకు వచ్చేవాళ్లలో చాలామందికి ఇంటి దగ్గర అప్పటికే ఒక కారు ఉంది. జనరల్ మోటార్స్‌ను నడిపిన ఆల్ఫ్రెడ్ స్లోన్ 1964లో ఒక పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో కార్ల వ్యాపారాన్ని మార్చినవి నాలుగు అంటాడు: వాయిదాల మీద అమ్మకం, పాత కారు తీసుకోవడం, తలుపులూ పైకప్పూ ఉన్న మూసిన కారు, ఏటేటా కొత్త మోడలు. వీటిలో మూడు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయి. ఏటా కొత్త మోడలు వస్తే నిరుటి కారు పాతదైపోతుంది. ఆ పాతది ఇచ్చేస్తే మొదట కట్టాల్సిన డబ్బు అయిపోయినట్టే. మిగిలింది వాయిదాలు. వాయిదాల కోసం జనరల్ మోటార్స్ 1919లోనే సొంత ఫైనాన్స్ కంపెనీ పెట్టింది. హెన్రీ ఫోర్డ్ మాత్రం మోడల్ టినే నమ్ముకున్నాడు. కొత్త మోడల్ టి ధరకే, వాడినదైనా అంతకంటే మంచి కారు దొరుకుతుంటే జనం ఊరుకుంటారా? 1927లో మోడల్ టి ఆగిపోయింది.

అసలు తలనొప్పి డీలర్లకు వచ్చింది. కొత్త కారు అమ్ముడుపోవాలంటే పాత కారుకు పక్క వీధి డీలరు కంటే ఎక్కువ ఇవ్వాలి. ఎక్కువ ఇస్తే, కొత్త కారు మీద వచ్చిన లాభం పాత కారు మీద పోతుంది.

అప్పుడు లాస్ ఏంజెలెస్‌లో లెస్ కెల్లీ అనే ఆయన ఉండేవాడు. ఆర్కన్సా నుంచి వచ్చిన ఒక పాస్టరు కొడుకు. 1918లో మూడు మోడల్ టి కార్లతో పాత కార్ల వ్యాపారం మొదలుపెట్టాడు. తనకు ఏ కార్లు కావాలో, దేనికి ఎంత ఇస్తాడో ఒక జాబితా రాసి మిగతా డీలర్లకు, బ్యాంకులకు పంపేవాడు. ఆయన అంచనా మీద వాళ్లకు ఎంత నమ్మకం కుదిరిందంటే, సొంత లెక్కలకు కూడా ఆ జాబితానే చూడసాగారు. 1926లో దాన్ని పుస్తకంగా వేశాడు. ఇప్పుడు అందరూ చెప్పే కెల్లీ బ్లూ బుక్ అదే.

ఇక్కడ కాస్త ఆగండి. ఆ ధరలు రాసింది ఎవరు? కొనే మనిషి. ఎవరి కోసం రాశాడు? తనలాంటి కొనేవాళ్ల కోసం. కారు అమ్ముకునే మామూలు మనిషి ఆ పుస్తకం కొనుక్కోవడానికి వీలైంది 1993లో, మామూలు జనానికి వేరుగా ఒక ముద్రణ వేసినప్పుడు. అంటే అరవై ఏడేళ్ల పాటు బంగారం బోర్డు ఉంది, కానీ కౌంటరు అవతల, షావుకారు వైపు తిప్పి పెట్టి ఉంది. ఇందులో కెల్లీని తప్పు పట్టను. ఆయన తన వ్యాపారం తను చేసుకున్నాడు. కానీ "బ్లూ బుక్‌లో ఇంతే ఉంది సార్" అని డీలరు పుస్తకం మూసేస్తే, ఎదురు చెప్పడానికి కస్టమరు దగ్గర ఏముంటుంది?

ఒకసారి ప్రభుత్వం కూడా చెయ్యి పెట్టింది. 1933లో, మహా మాంద్యంలో, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఒక్కో వ్యాపారానికి నియమావళి తెచ్చింది. కార్ల డీలర్ల నియమావళి ప్రకారం పాత కారుకు గైడులో ఉన్న ధర కంటే ఎక్కువ ఇవ్వకూడదు. డీలర్ల జాతీయ సంఘం తన సొంత గైడు తెచ్చింది కూడా ఆ ఏడాదే. తక్కువ ఇవ్వకూడదు అని కాదు, ఎక్కువ ఇవ్వకూడదు అని! 1935 మేలో సుప్రీం కోర్టు ఈ నియమావళులన్నిటికీ ఆధారమైన చట్టాన్ని కొట్టేసింది. అది బ్రూక్లిన్‌లో కోళ్లు అమ్ముకునేవాళ్ల కేసు. కోళ్ల కేసుతో కార్ల ధరలకు కట్టిన తాడు తెగింది.

ఇక 1950లు. యుద్ధం తర్వాత కార్ల కొరత తీరిపోయి, అమ్మకాలకు పోటీ పెరిగింది. అప్పుడు బాగా ముదిరిన కిటుకు ఒకటి చెబుతాను. అంకెలు నావి, ఊరికే లెక్క కోసం. కొత్త కారు అసలు ధర 3,000 డాలర్లు అనుకోండి. మీ పాత కారు 800 చేస్తుంది. డీలరు కొత్త కారు 3,400 అని చెప్పి, మీ పాతదానికి 1,200 ఇస్తానంటాడు. మీరు కట్టేది ఎలాగైనా 2,200. కానీ మీరు ఇంటికెళ్లి "నా పాత డొక్కుకి పన్నెండు వందలిచ్చాడు" అని చెప్పుకుని మురిసిపోతారు. ఇంకొంచెం పెంచి 3,600 చెబితే, మీ జేబులోంచి రెండు వందలు పోయినట్టు కూడా తెలియదు. అచ్చం గిన్నెల బేరం.

ఒక్లహామా సెనేటరు మైక్ మన్రోనీ దీని మీద విచారణలు జరిపి చట్టం తెచ్చాడు. 1958లో అది ఆమోదం పొందింది. అప్పటి నుంచి ప్రతి కొత్త కారు కిటికీకి కంపెనీ చెప్పిన ధర, అదనపు హంగుల ధర, రవాణా ఖర్చు విడివిడిగా రాసిన కాగితం అంటించాలి. ఆ కాగితాన్ని ఇప్పటికీ మన్రోనీ స్టికర్ అంటారు. గొప్ప చట్టమే. కానీ గిన్నె మీద ధర అంటించింది, చీర సంగతి అలాగే వదిలేసింది.

తర్వాత వచ్చిన చట్టాలు పాత కారు కొనేవాళ్లను కాపాడడానికి వచ్చాయి. 1972లో మైళ్ల మీటరు వెనక్కి తిప్పడం దేశమంతటా చట్టవిరుద్ధమైంది. 1984లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నియమం చేసింది: డీలరు అమ్మే పాత కారు కిటికీలో వారంటీ ఉందో లేదో రాసి పెట్టాలి. ఈలోగా 1970లో జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త ఒక వ్యాసం రాశాడు. కారులో లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు అన్నిటికీ తక్కువే ఇస్తాడు. మంచి కార్లున్నవాళ్లు అమ్మకుండా తప్పుకుంటారు. దానికి 2001లో నోబెల్ వచ్చింది. ట్రేడ్-ఇన్‌లో మాత్రం ఇది సగమే నిజం. కారు గురించి మీకు ఎక్కువ తెలుసు, ధర గురించి డీలరుకు ఎక్కువ తెలుసు.

ఆ ధర డీలరుకు ఎలా తెలుస్తుంది? వేలం నుంచి. 1945లో పెన్సిల్వేనియాలోని మాన్‌హైమ్ అనే ఊళ్లో డీలర్ల కోసం ఒక కార్ల వేలం మొదలైంది. ఇప్పుడు అది దేశమంతా ఉంది. అక్కడికి డీలర్లనే రానిస్తారు. మీ కారు లాంటిది ఈమధ్య వేలంలో ఎంతకు పోయిందో డీలరు తన ఫోన్లో చూసుకుంటాడు. మనకు నీలం పుస్తకం దొరికేసరికి, వాళ్లు చూసేది వేరే పుస్తకం అయింది.

ఖరీదైన కార్లకు తరుగు ఎందుకు ఎక్కువో కూడా ఇక్కడే తెలుస్తుంది. 1986 పన్నుల చట్టంతో కారు అప్పు మీద వడ్డీకి మినహాయింపు పోయింది. దాంతో లీజు వైపు మొగ్గు పెరిగింది, ముఖ్యంగా పెద్ద కార్లలో. లీజు మూడేళ్లు అనుకుంటే, మూడేళ్లకు అవన్నీ ఒకే రకంవి, ఒకే వయసువి, గుంపుగా తిరిగొస్తాయి. సరుకు ఎక్కువ. కొనేవాళ్లేమో వారంటీ అయిపోయాక రిపేరు ఖర్చు తలచుకుని భయపడతారు. కొత్తప్పుడు మీరు పోసిన అదనపు హంగుల డబ్బులో చాలా భాగం అక్కడే ఆవిరైపోతుంది. 2021లో చిప్పుల కొరత వచ్చి కొత్త కార్లు దొరకనప్పుడు ఈ లెక్క తలకిందులైంది. కొందరికి లీజు కాగితంలో రాసిన ధర కంటే కారు ఎక్కువ పలికింది. అలాంటి ఏళ్లు అరుదు.

నన్నడిగితే, ట్రేడ్-ఇన్‌ను బంగారం బేరం వైపు తిప్పింది చట్టం కాదు. 1993లోనే వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో కార్‌మాక్స్ మొదలైంది. మీరు వాళ్ల దగ్గర కారు కొన్నా కొనకపోయినా మీ కారు కొంటామన్నారు. ధర కాగితం మీద రాసి, ఏడు రోజులు గడువిచ్చారు. చీరను గిన్నెతో సంబంధం లేకుండా కొంటామన్న మాట. అలా రాసిచ్చిన ధర చేతిలో ఉంటే, డీలరు ఫోన్లో ఏముందో మనకు తెలియకపోయినా నష్టం లేదు.

ఈ మధ్య దీన్ని దగ్గరుండి చూశాను. మా గుడి వంటింట్లో పులిహోర కలిపే అక్కయ్య ఒకరున్నారు, డెబ్బై దాటాయి. భర్త పోయి ఏడాదైంది. ఆయన ముచ్చటపడి కొన్న పెద్ద జర్మన్ కారు గరాజులోనే ఉంది. ఆవిడకు అది తోలడం కష్టం. చిన్న కారుంటే గుడికి, డాక్టరు దగ్గరికి ఎవర్నీ అడగకుండా వెళ్లవచ్చని ఆశ. "తమ్ముడూ, నువ్వు పక్కన కూర్చుంటే చాలు" అన్నారు.

మొదటి డీలరు దగ్గర కుర్రాడు కాగితం తీసి అడ్డగీత, నిలువుగీత గీశాడు. నాలుగు గడులు: పాత కారు ధర, కొత్త కారు ధర, ముందు కట్టేది, నెలనెలా కట్టేది. "నెలకు ఎంత కట్టగలరు మేడమ్?" అన్నాడు. ఆవిడ మొత్తం ఒకేసారి కట్టడానికి వచ్చారు, ఆ మాట వాడు వినిపించుకోలేదు. పాత కారుకు 14,500 అన్నాడు. తక్కువన్నాం. లోపలికి వెళ్లి వచ్చి 16,000 చేశాడు. కానీ కొత్త కారు మీద ముందు చెప్పిన తగ్గింపు ఆ గడిలోంచి మాయమైంది. నేను నోరు తెరిచేలోపే అక్కయ్య నాతో తెలుగులో అన్నారు: "మూత ఇచ్చి గిన్నె లాక్కుంటున్నాడు." లేచి వచ్చేశాం.

తర్వాత కారు కడిగించాం. రెండు తాళాలు, ఆయన దాచిన సర్వీసు రసీదులన్నీ ఒక ఫైల్లో పెట్టాం. మూడు చోట్ల రాతపూర్వకంగా ధర అడిగాం. అన్నిటికంటే ఎక్కువ 17,200. ఇంకో డీలరు దగ్గరికి వెళ్లి, పాత కారు మాటే ఎత్తకుండా, ముందు కొత్త కారు ధర 28,000 అని తేల్చుకున్నాం. ఆ తర్వాత ఆ కాగితం చూపించాం. ఆయన కాసేపు చూసి 17,000 ఇస్తానన్నాడు.

రెండు వందలు తక్కువే కదా అంటారేమో. మా న్యూజెర్సీలో ట్రేడ్-ఇన్ ధర తీసేశాక మిగిలిన దాని మీదే సేల్స్ ట్యాక్సు వేస్తారు, 6.625 శాతం. 28,000 మీద కాకుండా 11,000 మీదే పన్ను పడింది. అంటే 1,126 డాలర్లు మిగిలాయి. బయట అమ్మితే ఇది రాదు. కాబట్టి ఆ 17,000 నిజానికి 18,126తో సమానం. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఈ లెక్క వేసుకోకండి, అక్కడ మొత్తం ధర మీద పన్ను పడుతుంది.

సంతకాలయ్యాక ఈ లెక్కంతా పార్కింగ్‌లో నిలబడి అక్కయ్యకు చెప్పాను. శ్రద్ధగా విన్నారు. చిన్న కారు తలుపు తీసి, సీటు ముందుకు జరుపుకుని కూర్చున్నారు.

"మీ బావగారుంటే ఇంకో ఐదు వందలు లాగేవారు" అన్నారు.