ఆట పేరు తెలుసు, రాసినవాడి పేరు?

తెలుగు సినిమా టైటిల్స్ చూడండి. లైట్‌మెన్, మేకప్ అసిస్టెంటు, భోజనాలు పెట్టిన క్యాటరింగాయన... అందరి పేర్లూ వేస్తారు. మనం రాత్రింబవళ్ళు కూర్చుని రాసిన బిల్లింగ్ సిస్టం వాడేవాడికి మాత్రం అది ఎవరు రాశారో తెలీదు, తెలుసుకోవాలనే ఆలోచన కూడా రాదు. సర్వీసు కంపెనీల్లో బతుకు ఇంతేలే అని సరిపెట్టుకుంటాం. కానీ ఈ జబ్బు మనతో మొదలవ్వలేదండీ. టీవీకి తగిలించుకుని ఆడే వీడియోగేముల చరిత్ర చదువుతుంటే ఆ సంగతి తెలిసొచ్చింది.

ముందు నేను ఆడిన ఆటల గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. 1990ల మధ్యలో తెనాలిలో మాకు "టీవీ గేమ్" అంటే ఒకటే పెట్టె. టీవీకి యాంటెన్నా వైరు పీకి ఆ పెట్టె వైరు పెట్టడం, బొమ్మ వచ్చేదాకా ఛానెల్ ట్యూనింగు చక్రం తిప్పడం, అడాప్టరు వేడెక్కితే కాసేపు ఆపడం. పైన దూర్చేదాన్ని కేసెట్టు అనేవాళ్ళం. అందులో టేపు ఉండదని అందరికీ తెలుసు, అయినా అది కేసెట్టే. దాని మీద "9999 ఆటలు" అని రాసుండేది. తీరా చూస్తే పదో పన్నెండో ఆటలు, అవే మళ్ళీ మళ్ళీ. ఒకచోట ట్యాంకు మొదటి లెవెల్ నుంచి, ఇంకోచోట అయిదో లెవెల్ నుంచి. ఇప్పుడు ఆలోచిస్తే ఒకే ఫంక్షన్‌ని వేరే వేరే పారామీటర్లతో పిలిచారన్నమాట! మా క్లయింటుకి మేము ఇచ్చే ఫీచర్ల లిస్టు కూడా ఒక్కోసారి అలాగే ఉంటుంది కాబట్టి పెద్దగా విమర్శించను :)

ఆ ఆటల్లో ఇంకో విశేషం ఉంది, అప్పట్లో ఎవరం పట్టించుకోలేదు. టైటిల్ స్క్రీన్ మీద ఆట పేరు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అసలు ఆటలో కింద ఉండాల్సిన సంవత్సరం, కంపెనీ పేరు చాలావాటిలో చెరిపేసి ఉండేవి. అది నింటెండో ఆట అని తెలియకుండానే మా బ్యాచంతా మారియో ఆడింది. దొంగ కాపీ చేసినవాడు కంపెనీ పేరు తీసేశాడు, సరే. మరి రాసినవాళ్ళ పేర్లు? అవి అసలు కాపీలోనే లేవు!

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఇంట్లో టీవీకి పెట్టుకునే మొదటి గేమింగ్ పెట్టె, మాగ్నవాక్స్ ఒడిస్సీ, అమెరికాలో 1972లో వచ్చింది. దాని గురించి ఎక్కువ చెప్పను, అందులో సాఫ్ట్‌వేరే లేదు. ప్రోగ్రామర్ల కథ మొదలయ్యేది 1977లో వచ్చిన అటారీ వీసీఎస్ దగ్గర. తర్వాత దానికి 2600 అనే పేరు స్థిరపడింది. దాని మెమరీ 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. ఈ పేరా పట్టదు అందులో. ఆట మొత్తం 4 కిలోబైట్లలో సర్దాలి. తెర మీది బొమ్మని దాచుకోవడానికి వేరే మెమరీ లేదు కాబట్టి, టీవీ ఒక్కో గీత గీస్తుంటే దానికి కాస్త ముందుగా పరిగెడుతూ ప్రోగ్రామే రంగులు అందించాలి. ఒక్కో ఆటని ఒక్కడే మనిషి తయారుచేసేవాడు. ఊహించడం, బొమ్మలు, శబ్దాలు, కోడు, టెస్టింగు అన్నీ ఆయనే. పెట్టె మీద పేరు మాత్రం అటారీది.

వారెన్ రాబినెట్ అనే ఆయన "అడ్వెంచర్" అనే ఆట రాశాడు. అది సుమారు పది లక్షల కాపీలు, ఒక్కోటి 25 డాలర్లకి అమ్ముడైందని, తన జీతం మాత్రం ఏడాదికి 22 వేల డాలర్లని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. రాయల్టీ లేదు, పేరూ లేదు. ఆయన ఏం చేశాడంటే, ఆటలో ఒక గదిలో నేల రంగులోనే ఒక చుక్క దాచాడు. అది కనిపించదు. దాన్ని ఎత్తుకుని సరైన చోటుకి తీసుకెళ్తే గోడ దాటి ఒక రహస్యపు గది వస్తుంది. ఆ గదిలో ఇది చేసింది వారెన్ రాబినెట్ అని రంగులు మారుతూ అక్షరాలు! ఉన్న 4 కిలోబైట్లలో అయిదు శాతం దాకా ఆ గదికే ఖర్చయిందట. కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. 1979లో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. 1980లో సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక పదిహేనేళ్ళ కుర్రాడు అటారీకి ఉత్తరం రాసేదాకా విషయం బయటపడలేదు. అచ్చేసిన రోమ్ మార్చడం డబ్బుతో పని కాబట్టి దాన్ని అలాగే వదిలేశారు. ఇలా దాచేవాటికి "ఈస్టర్ ఎగ్" అనే పేరు అక్కడి నుంచే వాడుకలోకి వచ్చింది. మనం ఇవాళ సరదాగా వాడే ఆ మాట వెనకాల ఇంత కడుపుమంట ఉందని నాకు చాలాకాలం తెలీదు.

అదే 1979లో అదే కంపెనీలో ఇంకో నలుగురి కథ. డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, లారీ కప్లన్, బాబ్ వైట్‌హెడ్. ఏ ఆట ఎంత అమ్ముడైందో చెబుతూ మార్కెటింగ్ వాళ్ళు ఒక మెమో పంచిపెట్టారు. ఇలాంటివి ఇంకా రాయండి అని వాళ్ళ ఉద్దేశం. ఈ నలుగురూ కూర్చుని లెక్కేసుకుంటే అమ్మకాల్లో 60 శాతం దాకా తమ ఆటలవే అని తేలింది. మెమో పంచినవాడు ఆ తర్వాత ఎన్నాళ్ళు బాధపడ్డాడో! వాళ్ళు పైకెళ్ళి అడిగితే, పెట్టెలు బిగించే లైనులో మనిషి కంటే మీరేం ఎక్కువ అన్న ధోరణిలో సమాధానం వచ్చిందని క్రేన్ చెబుతాడు. నలుగురూ బయటికొచ్చి, జిమ్ లెవీ అనే ఆయనతో కలిసి యాక్టివిజన్ పెట్టారు. కన్సోల్ తయారుచేయకుండా దానికి ఆటలు మాత్రమే అమ్మిన మొదటి కంపెనీ అదే. వాళ్ళు పెట్టుకున్న నియమం ఏంటంటే ఆట రాసినవాడి పేరు బయటికి కనబడాలి. మాన్యువల్లో ఫోటో కూడా వేసేవాళ్ళు. క్రేన్ 1982లో రాసిన "పిట్‌ఫాల్" నేను ఎమ్యులేటర్లో ఆడాను. అందులో 255 తెరల అడవి ఉంటుంది. ఆ అడవిని ఎక్కడా దాచలేదు. ఒక బైటుని ఒక పద్ధతిలో జరుపుతూ పోతే తర్వాతి తెర ఏంటో ఆ బిట్లే చెబుతాయి. వెనక్కి జరిపితే వెనక తెర. ఇది చదివిన రోజు నాకు ఆఫీసులో పని మీద మనసు నిలవలేదు.

పేరు తెలిస్తే అన్నీ మంచే జరుగుతాయని కాదు. హోవర్డ్ స్కాట్ వార్షా సంగతి చూడండి. స్పీల్‌బర్గ్ "ఈ.టీ." సినిమా మీద ఆట చెయ్యడానికి 1982 జూలై చివర్లో ఒప్పందం కుదిరింది, క్రిస్మస్‌కి అమ్మాలి కాబట్టి సెప్టెంబరు మొదటికల్లా కోడ్ ఇచ్చెయ్యాలి. అయిదు వారాలు! మామూలుగా నెలల తరబడి చేసే పని. వార్షా సరేనన్నాడు, టైముకి ఇచ్చాడు కూడా. ఆట బాలేదు. అమ్ముడుపోని కేసెట్లని 1983లో న్యూమెక్సికోలో అలమగోర్డో ఊరి చెత్తదిబ్బలో పూడ్చిపెట్టారు. 2014లో తవ్వితే నిజంగానే బయటపడ్డాయి. 1983లో అమెరికా వీడియోగేముల వ్యాపారం కుప్పకూలడానికి లైసెన్సు కొన్నవాళ్ళు, గడువు పెట్టినవాళ్ళు, లక్షల కొద్దీ అచ్చేసినవాళ్ళు, పనికిమాలిన ఆటలు కుమ్మరించిన బోలెడు కంపెనీలు కారణం. గిట్ బ్లేమ్ కొడితే మాత్రం వచ్చింది వార్షా పేరొక్కటే. అంతకుముందు ఆయనే రాసిన "యార్స్ రివెంజ్" చాలా మంచి ఆట అని ఎవరూ చెప్పరు. తర్వాత ఆయన మానసిక చికిత్సకుడయ్యాడు. ఆ అయిదు వారాల తర్వాత అది చాలా సహజమైన కెరీర్ అని నా అభిప్రాయం.

అదే 1983 జూలైలో జపాన్‌లో నింటెండో ఫామికామ్ అమ్మకాలు మొదలుపెట్టింది. దాని హార్డ్‌వేర్ మసాయుకి ఉయెమురా బృందం తయారుచేసింది. ధర 14,800 యెన్‌లు, మెమరీ 2 కిలోబైట్లు, బొమ్మల కోసం వేరే చిప్పు. రెండేళ్ళ తర్వాత దీన్నే అమెరికాలో ఎన్‌ఈఎస్ అనే పేరుతో అమ్మినప్పుడు, పనికిమాలిన ఆటలు మళ్ళీ వచ్చి పడకుండా లోపల ఒక తాళం చిప్పు పెట్టారు. నింటెండో ఒప్పుకున్న కేసెట్టుకే పెట్టె తెరుచుకుంటుంది. జపాన్ పెట్టెకి మాత్రం ఆ తాళం లేదు. తైవాన్‌లో దాన్ని దించేశారు. మా తెనాలి పెట్టె ఆ సంతానమే. విప్పి చూస్తే చిప్పులుండవు, బోర్డు మీద నల్లటి జిగురు చుక్క ఉంటుంది.

ఆ కాపీల్లో ఒక చిత్రం ఉంది. జపాన్, అమెరికా టీవీలు సెకనుకి 60 సార్లు బొమ్మ గీస్తాయి, మన పాల్ టీవీలు 50 సార్లు. ఆట నడక ఆ గీతకి ముడిపడి ఉంటుంది. తైవాన్ వాళ్ళు అసలు ఆటలు చెడకుండా మన టీవీల మీద నడిచేలా చిప్పుని సర్దారు గానీ నడకలో ఆరో వంతు తగ్గింది. పాట కూడా అంతే, శ్రుతి దాదాపు అదే, లయ మాత్రం నిదానం. అందుకే అమెరికా వచ్చాక ఒక స్నేహితుడింట్లో అసలు మారియో పెడితే ఇదేంటి ఇంత తొందరగా పరిగెడుతున్నాడు అనిపించింది. కొండకోన్ జపాన్‌లో కట్టిన ఆ పాట నా చెవికి ఇప్పటికీ తప్పుగానే వినిపిస్తుంది. పాట కట్టినాయన పేరు కోజీ కొండో. పైన ఆ "కొండకోన్" కావాలనే వేశాను, చిన్నప్పుడు ఆయన పేరే తెలియని మాకు అది ఏ కొండకోనల్లోంచి వచ్చిందో అన్నట్టే ఉండేది.

"సూపర్ మారియో బ్రదర్స్" 1985లో వచ్చింది, మొత్తం 40 కిలోబైట్లు. అందులో మబ్బు, పొద ఒకటే బొమ్మ, రంగు మార్చారంతే. మియామొతో, తెజుకా ఊహించారు, నకగో వగైరా కోడ్ రాశారు. రాకుమారిని విడిపించినా ఒక్క పేరూ రాదు. మరుసటి ఏడాది "జెల్డా" చివర్లో పేర్లు వచ్చాయి గానీ దాదాపు అన్నీ మారుపేర్లే. మియామొతో "మియాహోన్" అయ్యాడు, నకగో "నకజూ", తెజుకా "టెన్ టెన్". జపాన్ కంపెనీల్లో అప్పుడు ఇది మామూలే. అసలు పేరు వేస్తే పక్క కంపెనీవాడు ఎగరేసుకుపోతాడని భయం. మన హెచ్.ఆర్. వాళ్ళకి ఈ ఉపాయం తెలియకపోవడం మన అదృష్టం.

పేరు నిలిచినవాడు లేడా అంటే ఉన్నాడు. హడ్సన్ కంపెనీ ప్రచారం చూసుకునే ఉద్యోగి తకహాషి మెయ్‌జిన్, సెకనుకి 16 సార్లు బటన్ నొక్కగలడని జపాన్ పిల్లల్లో హీరో. మనం రాతి గొడ్డళ్ళు విసురుతూ ఆడిన "అడ్వెంచర్ ఐలాండ్"లో టోపీ పెట్టుకున్న ఆ మనిషి ఆయనే. అంటే కోడ్ రాసినవాళ్ళ పేరు లేదు, మార్కెటింగ్ ఆయన పేరు మీద ఏకంగా ఆటే ఉంది. ఇంతకంటే మన ఇండస్ట్రీ గురించి చెప్పక్కర్లేదు.

ఇంకొకాయన కజుహిసా హషిమొతో. 1986లో కొనామీలో "గ్రేడియస్" ఆటని ఫామికామ్‌కి మారుస్తూ, ఆట మరీ కష్టంగా ఉండి తనే చివరిదాకా టెస్ట్ చెయ్యలేక, తన కోసం ఒక అడ్డదారి పెట్టుకున్నాడు. పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి ఎడమ కుడి, బీ, ఏ. రిలీజుకి అది అలాగే ఉండిపోయింది. "కాంట్రా"లో అదే కొడితే ముప్ఫై ప్రాణాలు. తెనాలిలో ఎక్కాలు రాని పిల్లలకి కూడా ఇది వచ్చు. ప్రొడక్షన్లో మర్చిపోయిన డీబగ్ కోడ్, ప్రపంచమంతా నోటికి వచ్చిన డీబగ్ కోడ్. ఆయన 2020 ఫిబ్రవరిలో పోయినప్పుడు గానీ నాకు ఆయన పేరు తెలియలేదు.

ఇప్పుడు పరిస్థితి మారింది కదా అంటారా? మారింది. పెద్ద ఆటలకి పేర్లు అరగంట సేపు నడుస్తాయి. 2018లో వచ్చిన "రెడ్ డెడ్ రిడెంప్షన్ 2"లో బెంగుళూరు స్టూడియో వాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. నేను ఆపి మరీ మన ఇంటిపేర్లు వెతుక్కుంటాను. అయితే ఆ ఆటకి ఏళ్ళ తరబడి పనిచేసి, విడుదలకి ముందు మానేసినవాళ్ళ పేర్లు ఆటలో వెయ్యలేదు, గొడవయ్యాక కంపెనీ వెబ్‌సైటులో విడిగా ధన్యవాదాల జాబితాగా పెట్టారు. 2021లో "మెట్రాయిడ్ డ్రెడ్"కైతే మొత్తం కాలంలో పాతిక శాతం కంటే తక్కువ పనిచేసినవాళ్ళకి పేరు లేదన్నారు. గో-లైవ్‌కి నెల ముందు ప్రాజెక్టు నుంచి తీసేస్తే ఎలా ఉంటుందో నాకు ఎవరూ వివరించక్కర్లేదు, మీకూ అక్కర్లేదనుకుంటాను.

ఒక్క ముచ్చట చెప్పి ఆపుతాను. మా 9999 ఆటల కేసెట్టులో ఎవరూ తెరవని ఆట ఒకటుండేది, "గోల్ఫ్". 1984లో దాన్ని ప్రోగ్రాం చేసింది సతోరు ఇవాతా. బెలూన్లు కట్టుకుని ఎగిరే "బెలూన్ ఫైట్" కూడా ఆయన కోడే. 2002లో ఆయన నింటెండో అధ్యక్షుడయ్యాడు, 2015 జూలై 11న చనిపోయాడు. 2017లో నింటెండో స్విచ్ వచ్చాక దాని సాఫ్ట్‌వేర్ విప్పి చూసినవాళ్ళకి లోపల ఆ గోల్ఫ్ ఆట దాగి కనిపించింది. యంత్రంలో తేదీ జూలై 11 అయి ఉండాలి. రెండు చేతుల్లో రెండు కంట్రోలర్లు పట్టుకుని, ఇవాతా వీడియోల్లో మాట్లాడుతూ రెండు అరచేతులూ ముందుకి చాపేవాడే, అలా చాపాలి. అప్పుడు ఆట మొదలవుతుంది. ఎవరు పెట్టారో పేరు లేదు. తర్వాత వచ్చిన ఒక అప్‌డేట్‌లో తీసేశారు.