హుక్కా కొలువులు - బొమ్మ చెప్పని సంగతి

పాత బొమ్మలు చరిత్రకు సాక్షులు. అయితే సాక్షి తాను చూచినదే చెప్పగలడు. పొగాకు విషయంలో ఈ సంగతి బాగా తెలుస్తుంది.

17వ శతాబ్దంలో హాలెండు చిత్రకారుడు ఆడ్రియన్ వాన్ ఓస్టాడె రాగిరేకుకు మైనపు పూత పూసి, సూదితో బొమ్మ గీసి, ఆమ్లంలో ఉంచేవాడు. పూత చెదిరిన గీతలలోనే రాగి కరుగుతుంది. ఆ గాళ్లలో సిరా నింపి కాగితంపై అచ్చొత్తుతారు. ఆ బొమ్మలలో పల్లెజనం గుమిగూడి మట్టిగొట్టాలతో పొగ పీలుస్తూ కనిపిస్తారు.

మన దక్కను చిత్రాలలో మట్టిగొట్టానికి బదులు హుక్కా ఉన్నది. బీదరు పనివారు దాని కుండను తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగేవారు. బీదరు కోట మన్ను, నవాసారం కలిపి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం మెరుస్తూనే ఉంటుంది. హుక్కా నీరు పొగను చల్లబరుస్తుందే గాని, అందులోని నికొటిన్‌ను, కార్బన్ మోనాక్సైడును ఆపలేదు.

1604 ప్రాంతంలో అసద్ బేగ్ బీజాపూరు నుండి పొగాకు తెచ్చి అక్బరుకు సమర్పించాడు. ఆస్థాన వైద్యుడు అడ్డుచెప్పాడు. మన గ్రంథాలలో లేని వస్తువును పరీక్షించకుండా వాడరాదని ఆయన వాదం. అక్బరు ఆ అలవాటు చేసుకోలేదు. ప్రభువులు మాత్రం చేసుకొన్నారు.

ఆ వైద్యుడు కోరినటువంటి పరీక్ష 1950లో గాని పెద్ద ఎత్తున జరగలేదు. డాల్, హిల్ అనే శాస్త్రజ్ఞులు లండను ఆసుపత్రులలో ఊపిరితిత్తుల కాన్సరు రోగులను ఇతర రోగులతో పోల్చి, పొగత్రాగటానికీ ఆ వ్యాధికీ గల సంబంధాన్ని చూపారు. ఇంత ఆలస్యం ఎందుకు? వ్యాధి ముదరటానికి ఇరవై, ముప్పై ఏండ్లు పడుతుంది. బొమ్మ ఒక్క సాయంత్రాన్నే పట్టుకొంటుంది. తరువాతి కాలంలో ఆ కొలువులో ఎవరి చోటు ఖాళీ అయిందో చూపదు.

మన సిద్దిపేట, దుబ్బాక ప్రాంతాలలో స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని, తునికాకులో తంబాకు పోసి బీడీలు చుడతారు. పొగ త్రాగకున్నా తంబాకు ధూళి వారి ఊపిరిలో చేరుతుంది, నికొటిన్ చర్మం గుండా ఒంటికెక్కుతుంది. అందుచేత పొగ మానమని చెప్పటంతోనే మన పని తీరదు. ఆ చేతులకు వేరొక జీవనోపాధి చూపటం కూడా మన బాధ్యతే. ఉపాధ్యాయులు పాత బొమ్మను తరగతిలో చూపినప్పుడు, అందులో ఉన్నవారిని గురించే గాక, లేనివారిని గురించి కూడా విద్యార్థులను అడగాలి.