కాకర్లవారి ఇల్లు, త్యాగయ్య పాట



పుష్య బహుళ పంచమి దగ్గరపడితే మన గ్రూపుల నిండా తిరువయ్యారు ఫోటోలే. కావేరి ఒడ్డున విద్వాంసులు బారులు తీరి కూర్చుని పంచరత్నాలు పాడుతుంటారు, మనం ఒక దండం పెట్టేసి పక్కవాళ్ళకు పంపేస్తాం. ఆ పటాల్లోని త్యాగయ్య లోకంతో పని లేని మునిలా ఉంటాడు. ఈసారి మనం ఇంకో త్యాగయ్యను తలుచుకుందాం. భార్య, కూతురు, అల్లుడు, మనుమడు ఉన్న త్యాగయ్యను. అన్నతో పంపకాలు పడ్డ త్యాగయ్యను. దాదాపు ఎనభై ఏళ్ళు బ్రతికి, కన్నుమూయడానికి కొద్ది రోజుల ముందు మాత్రమే సన్యాసం తీసుకున్నాడాయన. అంటే బ్రతుకంతా సంసారిగానే గడిచింది.

ఇంటిపేరు కాకర్ల. ములకనాటి శాఖవారు. మనలాగే ఎప్పుడో ఉత్తరాన్నుంచి దిగివచ్చిన కుటుంబం. తంజావూరును తెలుగు నాయకులు ఏలారు, వాళ్ళ తర్వాత మరాఠీ రాజులు వచ్చారు. రాజులు మారినా కొలువులో తెలుగు కవిత్వానికీ, తెలుగు పాటకూ పీట తియ్యలేదు. ఆ నీడలోనే తండ్రి రామబ్రహ్మం తుళజాజీ కొలువులో రామాయణం చెప్పేవాడు. త్యాగయ్య 1767లో తిరువారూరులో పుట్టాడు. తర్వాత ఇల్లు తిరువయ్యారుకు మారింది. తల్లి సీతమ్మ పాడిన పురందరదాసు పాటలు వింటూ పెరిగాడని పెద్దలు చెబుతారు. పెద్దయ్యాక ప్రహ్లాద భక్తి విజయం రాసినప్పుడు మొదట్లోనే పురందరదాసును తలుచుకున్నాడు. ఒక కన్నడ దాసుగారి పాటలు తమిళ ఊళ్ళో, తెలుగు ఇంట్లో, వంటపని మధ్య ఒక పిల్లవాడి చెవిన పడ్డాయన్నమాట. మూడు భాషల మధ్య బ్రతికే మనకు ఇందులో వింతేమీ లేదు. శాస్త్రంగా చదువు చెప్పిన గురువు శొంఠి వేంకటరమణయ్యగారు కూడా తెలుగువారే.

మొదటి భార్య పార్వతమ్మ త్వరగానే పోయింది. ఆమె చెల్లెలు కమలాంబను చేసుకున్నాడు. ఒక్కతే కూతురు, సీతాలక్ష్మి.

ఇల్లు గడిచింది ఉంఛవృత్తి మీద. తంబూర మీటుకుంటూ వీధిలో పాడుతూ వెళితే వాకిళ్ళ దగ్గర బియ్యం పోస్తారు. అవి తెచ్చుకుని ఆ పూటకు వండుకోవాలి. ఇంట్లోవాళ్ళూ, ఇంట్లో ఉండి నేర్చుకునే శిష్యులూ అందరూ దానితోనే తినాలి. శరభోజి పిలిపించినా వెళ్ళలేదనీ, కల్యాణిలో "నిధి చాల సుఖమా" అప్పుడు పుట్టిందేననీ చెప్పుకుంటాం. చెప్పుకుని మురుసుకుంటాం కూడా. కాని రాజుగారి కానుక వద్దన్న మర్నాడు ఆ ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్నది కమలాంబ. ఆమె ఏమనుకుందో ఎవరూ రాసిపెట్టలేదు. హరికథల్లో ఆమె పేరు వచ్చేది కూడా తక్కువే. భర్తకన్నా ముందే వెళ్ళిపోయింది.

అన్న జపేశయ్య సంగతీ ఇలాంటిదే. తమ్ముడు పూజించే విగ్రహాలను కావేరిలో పడేశాడని కథ. 1946లో మన నాగయ్యగారు తీసిన 'త్యాగయ్య' చూసి పెరిగిన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ అన్నను తిడతారు. మాకైతే అంత కోపం రాదు. చేతికొచ్చిన సంపదను తమ్ముడు కాలదన్నుకుంటుంటే రేపటి బియ్యం గురించి ఎవరో ఒకరు అడగాలి కదా. అలా అడిగే అన్న ఏ ఇంట్లో లేడు?

మన ఇళ్ళకు అన్నిటికన్నా దగ్గరివి ఆయన ఉత్సవ సంప్రదాయ కీర్తనలు. సభల్లో వీటికి పెద్ద పీట ఉండదు, రాగవిస్తారానికి వీలిచ్చేవి కావని. దేవుణ్ణి నిద్ర లేపడం, స్నానం, నైవేద్యం, తాంబూలం, హారతి, ఊయల, పవ్వళింపు... పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంట్లో ఒక పిల్లవాడికి జరిగేవన్నీ రాముడికి పాటగా జరుగుతాయి. "ఉయ్యాలలూగవయ్య" నీలాంబరిలో ఉంది, మనం జోలపాడే రాగంలో. పిల్లను పెంచిన చెయ్యి ఆ పాటల్లో కనబడుతుందని మాకు అనిపిస్తుంది. వాటిని నిలబెట్టిందీ ఎక్కువగా ఆడవాళ్ళే. నలుగు పెట్టేటప్పుడు, హారతి ఇచ్చేటప్పుడు మన నాయనమ్మలు పాడినవి ఎవరివో వాళ్ళకు తెలియకపోవచ్చు, పాట మాత్రం తెలుసు.

సీతాలక్ష్మి పెళ్ళికి శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతులు రాముడి పటం ఒకటి మోసుకుంటూ నడిచివచ్చాడని, పెళ్ళికూతురి తండ్రి ఆ పటం చూసి మోహనలో "నను పాలింప" పాడాడని అంటారు. పెళ్ళింట్లో తండ్రికి ఉండే హడావిడి మనకు తెలుసు. ఆ హడావిడిలో నిలబడి ఒక పాట! సీతాలక్ష్మికి ఒక కొడుకు పుట్టాడు. తాతగారి పేరే పెట్టారు. అతనికి సంతానం లేదు. త్యాగయ్య 1847 జనవరి 6న పోయాడు. కన్నవంశం మనుమడితో ఆగిపోయింది.

పాట మాత్రం ఆగలేదు, దాన్ని మోసినవాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవారు కారు. వాలాజాపేటవారు సౌరాష్ట్రులు. ఆ తండ్రీకొడుకులు రాసిపెట్టినవి మదురై సౌరాష్ట్ర సభకు చేరాయి. ఉమయాళ్పురంవారూ తిల్లైస్థానంవారూ తమిళులు. ఈనాడు మనకు దక్కిన ఏడువందల చిల్లర కీర్తనలు వీళ్ళ పుణ్యమే. పాడుపడిన సమాధికి 1920లలో తన సొమ్ముతో గుడి కట్టించింది మైసూరు సీమలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మగారు. ఆడవాళ్ళను అక్కడ పాడనివ్వకపోతే వాళ్ళతోనే వేరే ఆరాధన జరిపించిన మనిషి ఆమె.

ఇక మన ఇళ్ళ సంగతి. మన పిల్లలు ఈ పాటలను తమిళ లిపిలో నేర్చుకుంటున్నారు. అందులో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం కాబట్టి పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని అంకెలు వేస్తారు. అంకె చూసి పలకడం తప్పు కాదు. కాని తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకు తెలుగు మాట అంకెల మీద అందడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. పాత ఇళ్ళు అమ్మేటప్పుడు అటక మీది పెట్టెల్లో అమ్మమ్మల పాటల నోటుపుస్తకాలు కాగితాలవాడికి కిలోల లెక్కన వెళ్ళిపోతున్నాయి. తెలుగు చదవడం రాని పిల్లలకు అవి ఉత్త కాగితాలే మరి.

అందుకని ఈ ఏడు పంచమినాడు మన హాలులో పంచరత్నాలు అయ్యాక ఒక గంట ఇంటిపాటలకే ఉంచుదామని అనుకున్నాం. రాగం, తాళం తెలియకపోయినా ఫరవాలేదు, మీ ఇంట్లో హారతికి ఎలా పాడతారో అలాగే పాడండి. నోటుపుస్తకాలు ఉంటే తీసుకురండి, అక్కడే ఫోటోలు తీసి మీవి మీకు ఇచ్చేస్తాం. చినిగినవీ, సిరా వెలిసినవీ, చెల్లింపుల పద్దులూ పచ్చళ్ళ కొలతలూ కలిసిపోయినవీ అన్నీ తీసుకురండి.