ఒక్క తూటా తుపాకీ బేరం

అక్టోబరు చివరి శనివారం. ఒహాయోలో కొలంబస్ దాటాక మొక్కజొన్న కోసేసిన పొలాల మధ్య ఉంది దుకాణం. తలుపు తీయగానే తుపాకీ నూనె వాసన ముక్కుకు తగులుతుంది. జింకల సీజన్ దగ్గర పడింది కాబట్టి కౌంటర్ ముందు జనం బాగానే ఉన్నారు. మీ పక్కన ఆఫీసు తమ్ముడొకడు. కొనేది వాడే, షరతు ముందే చెప్పేశాడు: "అన్నా, ఆరువందలు దాటితే ఇంట్లో నేను జవాబు చెప్పలేను."

ముసలి దుకాణదారు పెట్టెలోంచి ఒక తూటా తీసి మీ అరచేతిలో పెడతాడు. నలభై అయిదు-డెబ్భై. రెండున్నర అంగుళాల పొడవు, బరువు తెలుస్తోంది. 1873లో అమెరికా సైన్యం స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ కోసం తెచ్చుకున్నది. నలభై అయిదు గొట్టం వ్యాసం, డెబ్భై అప్పటి నల్ల తుపాకీమందు గ్రెయిన్లు. గుండు 405 గ్రెయిన్లు, అంటే 26 గ్రాములు. నూట యాభై ఏళ్ల నాటి సరుకు ఇప్పుడిక్కడ ఇంతగా అమ్ముడు పోవడానికి ఒహాయో నిబంధనే కారణం. 2014 నుంచి జింకల వేటకు ఇలా తిన్నని గోడల తూటా పేల్చే రైఫిళ్లను అనుమతించారు. చాంబర్, మ్యాగజైన్ కలిపి మూడు తూటాలే ఉండాలి. మూడే అన్నప్పుడు ఒక్కటే పట్టే తుపాకీతో పెద్దగా పోయేదేమీ లేదు.

గోడకున్న రూగర్ నంబర్ వన్ మీద తమ్ముడి చూపు నిలిచిపోయింది. వాల్‌నట్ చెక్క, కింది మీట లాగితే దిమ్మ జారిపోయే పనితనం. 1967 నుంచి వస్తున్న అందగత్తె. కొత్తదైతే రెండు వేల డాలర్ల దరిదాపులు. చూశాం, చాలు.

ముసలాయన సెకండ్‌హ్యాండ్ వరసలోంచి ఒక హ్యాండీ-రైఫిల్ తీస్తాడు. ముందు తెరిచి, లోపల ఖాళీ అని చూపించి, అప్పుడే మీ చేతికి ఇస్తాడు. హ్యామర్ పక్కనున్న మీట బొటనవేలితో నొక్కితే గొట్టం ముందుకు వాలిపోతుంది. మూసి గట్టిగా ఊపండి. గొట్టం వదులుగా కదిలితే అక్కడే పెట్టేయాలి. కదల్లేదు. టార్చి వేసి గొట్టంలోకి చూడండి: గాడులు మెరుస్తున్నాయి, చాంబర్ దగ్గర మాత్రం కాస్త తుప్పు. బేరానికి పనికొస్తుంది. ఒకే చిక్కు, హ్యారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ ఈ రకాన్ని 2015లో ఆపేసింది. విడి గొట్టం కావాలన్నా, ఏదైనా భాగం పోయినా వెతుక్కోవాల్సిందే.

పక్కనే సీవీఏ స్కౌట్. నాలుగైదు వందల్లో వస్తుంది, తేలిక. ఆ తేలికే నాకు నచ్చనిది. ఇంత బరువు గుండును ఇంత తేలిక తుపాకీ విసిరితే మిగిలిన దెబ్బ భుజమే తింటుంది.

ఇప్పుడు హెన్రీ సింగిల్ షాట్, స్టీలుది. అయిదారువందల మధ్య. చేతిలో ఆనుతుంది. తుపాకీ మడమను మోచేతి మడతలో పెట్టి వేలు ట్రిగ్గర్‌కు చాచండి. మన సగటు పొడుగు వాళ్లకు ఇక్కడే తేడా తెలుస్తుంది. తమ్ముడికి వేలు సాగదీయక్కర్లేకుండానే అందింది. మడమకు రబ్బరు దిండు ఉంది. హ్యామర్ లాగి వదిలి చూడాలనిపిస్తే ముసలాయన్ను అడగాలి, అడక్కుండా ఎవరూ చెయ్యరు.

"రెండు వందల గజాలకు కొడుతుందా?" తమ్ముడి ప్రశ్న. ముసలాయన నవ్వాడు. మామూలు 405 గ్రెయిన్ల తూటాను వంద గజాలకు గురి పెడితే, రెండు వందల దగ్గర రెండడుగులు కిందికి దిగిపోతుంది. వందా నూట యాభై దూరాల తుపాకీ అనుకుంటే సరి. బిగుతైన మందు పెట్టిన తూటాలుంటాయి గానీ వాటిని పాత స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పెట్టకూడదని పెట్టెల మీదే రాస్తారు. బిగుతైనవి భుజానికీ మంచివి కావు.

హెన్రీనే ఖాయం చేశాం. కాగితాల దగ్గర ఆగండి: 4473 ఫారంలో వీసా గురించి అడుగుతారు. హెచ్-1బీ వాళ్లు చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ కొంటే నేరం. తమ్ముడిది గ్రీన్ కార్డు కాబట్టి ఇబ్బంది లేదు. పేరు ఎఫ్‌బీఐ తనిఖీకి వెళ్లింది, కాసేపటికి సరే అని వచ్చింది.

తూటా ఒక్కోటి రెండు డాలర్లు దాటుతుంది. తుపాకీలో మిగిల్చిన డబ్బు పెట్టాల్సింది వాటి మీదే. థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం సీజన్ మొదలవుతుంది, ఈలోగా కనీసం రెండు పెట్టెలు రేంజ్‌లో కాల్చండి.