‘అంటరాని వసంతం’ అచ్చుకెక్కిన దారి

తెలుగు నవలకు చాలాకాలం బాగా నలిగిన దారి ఒకటుంది. పెద్ద వారపత్రికలో సీరియల్‌గా రావాలి. పాఠకులు మెచ్చాలి. తర్వాత ఏదో ఒక ప్రచురణ సంస్థ పుస్తకంగా వేయాలి. జి.కళ్యాణరావు రాసిన ‘అంటరాని వసంతం’ ఆ దారిలో రాలేదు.

కళ్యాణరావు నాటక రచయిత. 1970లో ఏర్పడిన విప్లవ రచయితల సంఘం (విరసం) నాయకుల్లో ఒకరు. ఈ నవల మొదట విరసం మాసపత్రిక ‘అరుణతార’లో సీరియల్‌గా వచ్చింది. 2000లో విరసమే దాన్ని పుస్తకంగా వేసింది. అంటే పత్రికా ఉద్యమానిదే, ప్రచురణా ఉద్యమానిదే.

ఎన్నెలదిన్ని అనే ఊరి మాల కుటుంబం కొన్ని తరాల బతుకు ఈ నవల. కథంతా రూతు జ్ఞాపకాల్లో నడుస్తుంది. ఎల్లన్న పాటగాడు, వీధిభాగోతం కళాకారుడు. అతని పాటలు జనం నోళ్లలో బతికాయి. సాహిత్య చరిత్రల్లో మాత్రం అలాంటివాళ్లకు చోటు లేదు. ఎవరి మాట అచ్చవుతుంది, ఎవరిది కాదు అన్న ప్రశ్న నవల బయటే కాదు, లోపలా ఉంది.

దళితవాడ కథకు అచ్చు కష్టం కావడం కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో ఉండి రాసిన ‘మాలపల్లి’ 1922లో అచ్చయింది. 1923లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని మార్పులతో అనుమతి వచ్చింది. 1936లో మళ్లీ నిషేధం పడింది. 1937లో కాంగ్రెస్ ప్రభుత్వం వచ్చాకే తొలగింది. ఉన్నవ దళితుడు కాదు. వాడ గురించి బయటి మనిషి సానుభూతితో రాసిన పుస్తకానికే ఇంత జరిగింది. కళ్యాణరావు వాడ లోపలి నుంచి రాశారు.

‘అంటరాని వసంతం’ మీద నిషేధం పడలేదు. కానీ 2005 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని వేసిన విరసాన్నే నిషేధించింది. వరవరరావుతో పాటు కళ్యాణరావునూ అరెస్టు చేసింది. ఆ ఏడాది నవంబరులో నిషేధం వీగిపోయింది. 2010లో అల్లాడి ఉమ, ఎం.శ్రీధర్ చేసిన ఇంగ్లిష్ అనువాదాన్ని ఓరియంట్ బ్లాక్‌స్వాన్ వేసింది. తెలుగులో సంఘం వేసిన పుస్తకం అలా దేశంలోని తరగతి గదుల్లోకి వెళ్లింది.

విద్యార్థులు ఇంకో సంగతీ గమనించాలి. నవల చివరి తరం విప్లవోద్యమం వైపు నడుస్తుంది. కుల సమస్యకు అదే జవాబా అని అంబేద్కర్ ఆలోచన నుంచి అడిగేవాళ్లున్నారు. ఆ చర్చ అవసరమే. ఏ వేదిక అచ్చు వేస్తే ఆ వేదిక రాజకీయాలూ పుస్తకం వెంట వస్తాయి. అందుకే దళితులకు సొంత పత్రికలు, సొంత ప్రచురణలు కావాలన్న మాట ఇప్పటికీ పాతబడలేదు. ఎల్లన్న పాటను జనం నోళ్లు కాపాడాయి. రేపటి పాటను ఎవరు అచ్చు వేస్తారన్నది మనం తేల్చుకోవాల్సిన విషయం.