నిషేధం ఓడింది, గడియారం నెగ్గింది

1605 నవంబరు 5న లండన్‌లో పార్లమెంటును, రాజు మొదటి జేమ్స్‌ను పేల్చేయడానికి దాచిన 36 పీపాల తుపాకిమందు బయటపడింది. కాపలాగా ఉన్న గై ఫాక్స్ పట్టుబడ్డాడు. కొద్ది నెలల్లోనే, ఏటా ఆ రోజు దేవుడికి కృతజ్ఞతా ప్రార్థనలు జరపాలని పార్లమెంటు చట్టం చేసింది. 1859 దాకా అది అమల్లో ఉంది. ప్రార్థనకు మంటలను, టపాసులను జనమే జోడించుకున్నారు. శతాబ్దం తిరగకముందే, 1697 నాటి చట్టంతో అదే పార్లమెంటు బాణాసంచాను నిషేధించింది. అమ్మితే 5 పౌండ్లు, వీధిలో విసిరితే 20 షిల్లింగులు జరిమానా. పండుగ చేయమని ఒక చట్టం, టపాసు ముట్టుకోవద్దని మరో చట్టం చెబితే జనం దేని మాట వింటారు? పండుగ మాటే విన్నారు. 1847లో లూయిస్ పట్టణంలో వేడుకను అణచడానికి లండన్ నుంచి పోలీసులను దింపితే ఘర్షణ జరిగింది. అక్కడి కాగడాల ఊరేగింపు మాత్రం ఇప్పటికీ సాగుతోంది.

అందుకే బ్రిటన్ 2003 బాణాసంచా చట్టం, దాని కింద వచ్చిన 2004 నియమాలు నాకు విలువైనవిగా కనిపిస్తాయి. అవి పండుగను ఒప్పుకొని, గడియారం చూపించాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా కాల్చకూడదు. నవంబరు 5న అర్ధరాత్రి వరకు, డిసెంబరు 31న, చైనా నూతన సంవత్సరాదికి, దీపావళికి ఒంటిగంట వరకు సడలింపు ఉంది. వలస వచ్చినవాళ్ల పండుగ పేరు చట్టంలోకి ఎక్కడం చిన్న విషయం కాదు. అక్కడి తెలుగు కుటుంబాలకూ ఆ హక్కు దక్కింది. మన సుప్రీంకోర్టు కూడా 2018లో దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకంటూ గంటల దారే పట్టింది.

వేళలు ఎవరు పాటిస్తున్నారన్నది గట్టి అభ్యంతరమే. అయినా అది అమలులోని లోపం. సంపూర్ణ నిషేధాన్ని అమలు చేయడం ఇంతకన్నా కష్టమని 1697 చట్టమే చూపింది. నిజంగా బెడద ఉన్నచోట ఎడిన్‌బరో చేసినట్టు, 2022 స్కాట్లండ్ చట్టం కింద కొన్ని ప్రాంతాల వరకే కట్టడి పెట్టవచ్చు. రెండో అభ్యంతరాన్ని మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పెంపుడు జంతువులు, పసిపిల్లలు, యుద్ధం చూసివచ్చిన సైనికులు సాయంత్రం ఏడింటికి పేలినా బెదురుతారు. వాళ్లకు గడియారం అక్కరకు రాదు. చట్టం అనుమతించే 120 డెసిబెల్స్ మోత చాలా ఎక్కువ. దాన్ని 90కి దించాలని జంతు సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ అడుగుతోంది. దించాల్సిందే. బాణాసంచా నియమాలు మార్చే అధికారాన్ని 2003 చట్టం ఇప్పటికే మంత్రి చేతిలో పెట్టింది.